వ్యసన విముక్తి: సరిహద్దు పల్లెలకు దారేది?

బీదర్ నుండి ఔరాద్ వెళ్ళే దారిలో, మంజీరా నదికి చేరువలో ఉన్న జనవాడ హోబళి పల్లెల్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒకే వీధిలో వినిపిస్తాయి. వియ్యాలకు, కూలి పనులకు, సంతలకు ఇక్కడి ప్రజలు జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు రాకపోకలు సాగిస్తూనే ఉంటారు. రాష్ట్రాల సరిహద్దు వారి జీవనానికి అడ్డు కాలేదు. తాగుడుకూ అడ్డు కాలేదు. కాని ఇంట్లో ఒకరు మద్యానికో, కల్తీ కల్లుకో బానిసైనప్పుడు చికిత్సకు ఎక్కడికి వెళ్ళాలి, ఎవరితో ఏ భాషలో చెప్పుకోవాలి అనే ప్రశ్న వచ్చేసరికి ఆ సరిహద్దు గోడలా నిలుస్తున్నది.

ఇంటి గుట్టుగా మిగిలిన జబ్బు

ఇటువంటి పరిస్థితిలో పల్లె కుటుంబాలు సాధారణంగా మూడు మార్గాలను ఆశ్రయిస్తాయి. మొదటిది దేవుని ఎదుటనో, దర్గాలోనో ఒట్టు వేయించడం. రెండవది కొట్టి, గదిలో పెట్టి తాళం వేయడం. మూడవది తాగుడు మాన్పిస్తుందని ఎవరో ఇచ్చిన పొడిని అన్నంలో, చారులో రహస్యంగా కలపడం. ఈ మూడింటి వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే: తాగుడు మనిషి మొండితనం, దాన్ని భయంతోనో ఉపాయంతోనో లొంగదీయవచ్చు. వైద్యశాస్త్రం ఈ నమ్మకాన్ని ఏనాడో తోసిపుచ్చింది. 2018 మే నెలలో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైతం మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను జబ్బుల కిందనే చేర్చింది.

జబ్బు అని చట్టం అన్నా, వైద్యుని వద్దకు వెళ్ళేవారు బహు స్వల్పం. ఢిల్లీలోని ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం సేవిస్తుండగా, దాదాపు 5.7 కోట్ల మందికి మద్యం వల్ల కలిగిన సమస్యలకు సాయం అవసరం. మద్యానికి బానిసలైనవారిలో ప్రతి 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరే అయినట్లు ఆ నివేదిక తేల్చింది.

ఇందుకు సిగ్గు ఒక ప్రధాన కారణం. తెలుగునాట ‘ఎర్రగడ్డ’ అనే పేరే ఎగతాళి మాటగా మారింది. హైదరాబాదులోని ఆ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్తే ఊళ్ళో పిచ్చివాడనే ముద్ర పడుతుందనే భయం, పిల్లల పెళ్ళి సంబంధాలు చెడిపోతాయనే బెంగ ఎన్నో కుటుంబాలను గడప దాటనీయడం లేదు.

హఠాత్తుగా మానడమూ ప్రమాదమే

తాగుడును బలవంతంగా ఆపితే చాలునన్న అభిప్రాయం ఎంత ప్రమాదకరమో తెలంగాణ అనుభవమే చెబుతుంది. అక్కడి కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలపడం చాలా కాలంగా ఉన్న దుస్థితి. కర్ణాటకలోని రాయచూరు ప్రాంతానికీ ‘సి.హెచ్. పౌడర్’ కల్లు కొత్త కాదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై ప్రభుత్వం దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకు, ఫిట్స్, మతి తప్పిన ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్ వల్ల దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ వైద్యశాలకు ఇటువంటి రోగుల తాకిడి ఒక్కసారిగా పెరిగింది. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలోనూ, జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలోనూ కల్తీ కల్లు తాగి అనేకులు అస్వస్థులయ్యారు. కూకట్‌పల్లిలో పలువురు ప్రాణాలు కోల్పోయారు.

దీనికి కారణం శరీర ధర్మంలోనే ఉంది. ఏళ్ళ తరబడి మత్తుకు అలవాటుపడిన మెదడు అది అందకపోతే అదుపు తప్పుతుంది. మద్యం మానిన తొలి రోజున చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి కలుగుతాయి. ఒకటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి సంధి పుట్టి లేనివి కనిపించడం, వినిపించడం జరుగుతుంది. దీన్ని గాలి సోకిందనుకొని భూతవైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం ప్రాణాంతకం. వైద్యుని పర్యవేక్షణలో వారం పది రోజులు మందులు, బి1 విటమిన్ ఇస్తే ఈ దశను క్షేమంగా దాటవచ్చు.

రహస్యంగా పొడి కలిపే పద్ధతి గురించి కూడా హెచ్చరించవలసి ఉంది. అటువంటి పొడిలో డైసల్ఫిరాం అనే మందు ఉన్నట్లయితే, దానిపై మద్యం తాగిన మనిషికి ముఖం ఎర్రబారి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మందును రోగికి తెలిపి, అతని అంగీకారంతో, వైద్యుని సలహాపై మాత్రమే వాడాలి.

మాటే మందు

శరీరం నుండి మత్తు దిగడం వారం రోజుల పని. మానిన మనిషి మానినట్లే నిలబడడం నెలల, ఏళ్ళ పని. కౌన్సెలింగ్ అవసరం ఇక్కడే వస్తుంది. కౌన్సెలింగ్ అంటే నీతిబోధ కాదు. ఎప్పుడు తాగాలనిపిస్తుంది, ఎవరు పిలుస్తారు, కూలి డబ్బు చేతికందిన సాయంత్రం ఏమవుతుంది, పెళ్ళిలోనో జాతరలోనో గ్లాసు చేతికిస్తే ఏమని తప్పుకోవాలి అనే ప్రశ్నలకు రోగి చేతనే సమాధానాలు వెదికించే పద్ధతి అది. మానిన తరువాత మళ్ళీ ఒకసారి తాగితే అంతా వ్యర్థమైందని తిట్టడం తగదు. జ్వరం తిరగబెడితే మళ్ళీ వైద్యుని వద్దకు వెళ్తాము గాని రోగిని ఇంటి నుండి వెళ్ళగొట్టము.

ఈ పనికి ప్రతిచోటా పెద్ద డాక్టరే ఉండనక్కరలేదని గోవాలో జరిగిన పరిశోధన నిరూపించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే, హాని కలిగే స్థాయిలో తాగే 377 మంది పురుషులపై జరిగిన ఆ అధ్యయనం 2017లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడింది. వైద్య విద్య లేని, శిక్షణ పొందిన స్థానికులు నాలుగు విడతల వరకు మాట్లాడినవారిలో మూడు నెలల తరువాత 36 శాతం మంది ఆ స్థాయి నుండి బయటపడగా, కౌన్సెలింగ్ లేనివారిలో అది 26 శాతమే. పూర్తిగా బానిసలైనవారికి ఆసుపత్రి తప్పనిసరి అయినా, అంతదూరం పోకముందే ఊళ్ళోనే పట్టుకోవచ్చునన్నది ఇందులోని పాఠం.

మాటే మందు అయినచోట భాష ముఖ్యం. వైద్యుడు కన్నడంలో అడిగి, రోగి తెలుగులో గొణిగి, మధ్యలో బిడ్డ తర్జుమా చేసే పరిస్థితిలో తండ్రి ఏ రహస్యమూ విప్పలేడు. సరిహద్దు జిల్లాలకు ఈ విషయంలో ఒక ఘనమైన పూర్వాపరం ఉండడం గమనార్హం. తెలుగు, కన్నడం కలిసి బతికే బళ్ళారి జిల్లాలోనే 1985 నుండి 1990 వరకు బెంగుళూరు నిమ్హాన్స్ ప్రయోగాత్మకంగా పల్లె స్థాయి మానసిక వైద్యం నడిపింది. దాని ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది.

అందుబాటులో ఉన్న తలుపులు

బీదర్ పట్టణంలోని బ్రిమ్స్ బోధనాసుపత్రి జనవాడ ప్రాంతానికి దగ్గరి పెద్ద ప్రభుత్వ వైద్యశాల. మానసిక వైద్యుడు మంగళవారాల్లో తాలూకా ఆసుపత్రులకు వచ్చే ‘మనోచైతన్య’ కార్యక్రమాన్ని కర్ణాటక ప్రభుత్వం 2014లో ప్రారంభించింది. తమ తాలూకా ఆసుపత్రికి ఏ మంగళవారం వస్తారో ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోవాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ-మానస్‌కు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేసి, తెలుగు సహా అనేక భాషల్లో సలహా పొందవచ్చు. మాదకద్రవ్యాల వ్యసనానికి కేంద్ర ప్రభుత్వ సహాయ నంబరు 14446. ఊళ్ళో ఎవరికీ తెలియకుండా తొలి మాట మాట్లాడడానికి ఫోన్ కంటే సులువైన దారి లేదు.

శిబిరాల మార్గమూ ఉంది. చెన్నైలోని టి.టి. రంగనాథన్ సంస్థ తమిళనాడులోని మంజక్కుడిలో ఊరివారి సాయంతో పల్లె శిబిరాలు నడిపింది. ధర్మస్థల గ్రామాభివృద్ధి యోజన కర్ణాటక పల్లెల్లో మద్యవర్జన శిబిరాలు జరిపి, మానినవారిని ‘నవజీవన సమితి’గా కూర్చి, తరువాత కూడా కలుపుతూ వస్తున్నది. శిబిరం ముగిశాక కలిసే ఈ కూటమే అసలు బలం. అయితే ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నవారిని ముందుగా ఆసుపత్రికే తీసుకువెళ్ళాలి.

ప్రైవేటు కేంద్రాల విషయంలో జాగ్రత్త అవసరం. చట్టప్రకారం అవి నమోదై ఉండాలి. రోగిని గొలుసులతో కట్టడం పూర్తిగా నిషిద్ధం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి కార్డు ఉన్నా లేకున్నా ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉచిత చికిత్స హక్కుగా ఉంది. కార్డు ఏ రాష్ట్రానిదన్న బెంగతో వెనుదిరిగే కుటుంబాలు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వాల బాధ్యత

మహిళలు అడిగినప్పుడల్లా ప్రభుత్వాలు దుకాణాల వైపు చూశాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన ఉద్యమంతో ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా, 1995లో సంపూర్ణ మద్యం నిషేధమయ్యాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలింది. కర్ణాటక 2007 జూలై 1 నుండి సారాను నిషేధించింది. అయినా 2019 జనవరిలో వేలాది మహిళలు మద్యనిషేధం కోరుతూ చిత్రదుర్గ నుండి బెంగుళూరుకు నడవవలసి వచ్చింది. దుకాణం మూయడం అవసరమే కావచ్చు, కాని బానిసైన మనిషికి చికిత్స చూపని నిషేధం సగం పని మాత్రమే.

జనవాడ వంటి హోబళి కేంద్రాల్లో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ తెలిసిన స్థానిక యువతీ యువకులకు శిక్షణనిచ్చి కౌన్సెలర్లుగా నియమించడం పెద్ద ఖర్చు కాదు. బీదర్‌లో మందులు మొదలుపెట్టిన మనిషి కూలికి జహీరాబాద్ వెళ్తే అక్కడి ఆసుపత్రిలో వాటిని కొనసాగించే ఏర్పాటు రెండు రాష్ట్రాలు చేసుకోవచ్చు. స్త్రీ శక్తి సంఘాలు, పంచాయతీలు ఈ కోరికను గ్రామసభల్లో తీర్మానంగా పెట్టవలసి ఉంది.

అంతవరకు కుటుంబాలు ఎదురుచూడనక్కరలేదు. మనిషి మత్తులో లేని ఒక ఉదయం, తిట్టకుండా, బెదిరించకుండా, “ఆసుపత్రికి పోదాం, నేనూ వస్తాను” అని ఇంట్లో ఒకరు అనగలిగితే చికిత్స మొదలైనట్లే.