గ్రంథాలయంలో ఆటలేమిటి?

లైబ్రరీ అనగానే గోడమీద 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు గుర్తుకొస్తుంది మనకి. అలాంటి చోట ఓ గదిలో పెద్ద టీవీ పెట్టి, దానికి వీడియో గేమ్ మెషీన్ తగిలించి, 'రండర్రా, ఆడుకోండి' అని పిల్లల్ని పిలిస్తే? 'చదివించాల్సిన వాళ్ళే ఇలా చేస్తే ఇంకేం బాగుపడతారు!' అని ముక్కున వేలేసుకుంటాం. అమెరికాలో చాలా ఊళ్ళ పబ్లిక్ లైబ్రరీలు ఈ పనే చేస్తున్నాయి.

మిచిగాన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ లైబ్రరీ 2004లోనే 'మారియో కార్ట్' అనే కార్ల పందెం ఆటతో పోటీలు పెట్టింది. వాటిని నడిపించిన ఈలై నైబర్గర్ ఆ అనుభవంతో 2007లో తోటి లైబ్రేరియన్ల కోసం ఓ పుస్తకమే రాశారు. 2008 నవంబరులో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ దేశమంతటా లైబ్రరీల్లో ఒకేరోజు ఆటల దినం జరిపించింది. 2012లో అది అంతర్జాతీయ దినమైంది.

ఎందుకింత తాపత్రయం? చిన్నపిల్లల కోసం లైబ్రరీలో కథలు చెప్పే గంట ఉంటుంది. పెద్దవాళ్ళకి పేపర్లూ పుస్తకాలూ ఉంటాయి. మధ్యలో పన్నెండు దాటిన పిల్లలే ఎటూ కాకుండా పోతారు. కథలు వినే వయసు దాటిపోయింది; పెద్దవాళ్ళ గదిలో నోరు విప్పితే కసురుకుంటారు. బడి వదిలాక, అమ్మానాన్నా ఆఫీసుల నుంచి వచ్చేదాకా వాళ్ళెక్కడుండాలి? వాళ్ళకి ఇష్టమైనది ఒకటి పెట్టి, 'ఇది మీ చోటు కూడా' అని చెప్పడమే ఈ కార్యక్రమాల ఉద్దేశం.

'ఆటకొచ్చినవాడు పుస్తకం పట్టుకెళ్తాడా?' అని లెక్క అడిగేవాళ్ళుంటారు. కొందరు పట్టుకెళ్తారు, కొందరు పట్టుకెళ్ళరు. కథల గంటకొచ్చిన ప్రతి పసివాడినీ మనం అలా లెక్క అడగం కదా!

అయినా ఇప్పుడు మన పిల్లలు ఆడటం లేదా ఏమిటి? చేతిలో ఫోను, చెవుల్లో ఇయర్ ఫోన్లు, తలుపు దగ్గరికేసి ఒంటరిగా ఆడుతూనే ఉన్నారు. ఒకే టీవీ ముందు నలుగురు కూర్చుంటే వంతు కోసం ఆగాలి, ఓడిపోతే అందరిముందూ నవ్వేయాలి, పక్కవాడికి రాకపోతే నేర్పాలి. పైగా యాభై వేలు దాటే మెషీన్లు ఎంతమంది కొనగలరు? కొన్న ఇంట్లో మాత్రం అది ఆడపిల్ల చేతికి వస్తుందా? తమ్ముడు వదిలాక, ఇంటి పని అయ్యాక, చీకటి పడ్డాక. లైబ్రరీలో పేరు రాయించుకుంటే ఎవరి వంతు వాళ్ళకొస్తుంది, ఆడపిల్లకి కూడా.

హద్దులు ఉండాల్సిందే. ఏ ఆట ఏ వయసుకి తగినదో చెప్పే గుర్తులు అమెరికాలో 1994 నుంచీ డబ్బాల మీద ఉంటున్నాయి. కొట్టుకోవడం, చంపుకోవడం ఉన్న ఆటలు పక్కనపెట్టడం లైబ్రేరియన్ చేతిలో పనే. చదువుకునేవాళ్ళకి ఇబ్బంది లేకుండా వేరే గది, వారంలో ఫలానా వేళ, దగ్గరుండి చూసుకునే ఓ పెద్ద మనిషి ఉంటే చాలావరకు సరిపోతుంది.

మరి మన సంగతి? 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయాల కోసం సెస్సు కడుతున్నాం. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తే ఉద్యోగాల పరీక్షలకి చదివే యువతీయువకులు కిక్కిరిసి కనిపిస్తారు. అది మంచిదే. కానీ పరీక్ష లేని పధ్నాలుగేళ్ళ పిల్ల లైబ్రరీకి ఎందుకెళ్తుంది? ఆ పిల్లని ఎవరు పిలిచారు? పాఠకుడి దగ్గరికే పుస్తకం వెళ్ళాలని 1935లో కాలవల్లో పడవ మీద గ్రంథాలయం నడిపినవాళ్ళం మనం. ఆ పట్టుదల ఈ పిల్లల విషయంలో ఎందుకుండకూడదు?

రేపే ఖరీదైన మెషీన్లు కొనమని ఎవరూ అనరు. ఆదివారం ఓ రెండు గంటలు, రెండు క్యారమ్ బోర్డులూ, చదరంగం బల్లా పెట్టినా మొదలైనట్టే. ఈసారి ఇంటిపన్ను కట్టాక మీ అమ్మాయిని వెంటబెట్టుకుని ఊళ్ళో ఉన్న శాఖా గ్రంథాలయానికి ఓసారి వెళ్ళిరండి. ఆమె కూర్చోవడానికి కుర్చీ, ఆగి చూడటానికి ఏదైనా ఉందేమో చూడండి. లేకపోతే అక్కడివాళ్ళని అడగండి. మనం కట్టే ఆ ఎనిమిది పైసల్లో ఆమె వాటా కూడా ఉంది.