అంగడి తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది?

ఈ సంవత్సరపు సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు నన్నడిగినప్పుడు, ఎప్పటివలె విద్యార్థుల చేతివ్రాతను గూర్చియో, పఠనాభ్యాసమును గూర్చియో వ్రాయుదమని తలంచితిని. గాని గడచిన దసరా సెలవులకు ముందు మా తరగతికి సంబంధించిన యొక సంగతి జరిగినది. అది నా మనస్సును విడువకున్నది. విద్యార్థులకంటె వారి తలిదండ్రులకు, అందును చిన్న చిన్న అంగళ్లు పెట్టుకొని జీవించువారికి, అది యెక్కువ పనికివచ్చునని తోచి దానినే యిందు వ్రాయుచున్నాను.

పదవ తరగతి చదువుచున్న యొక బాలుడు నాలుగు దినములు వరుసగా బడికి రాలేదు. వాని తండ్రికి మన యూరి బజారులో ఇనుపసామానుల అంగడి కలదు. నేను సాయంకాలము ఇంటికి పోవుచు నక్కడ నిలిచితిని. బాలుడు లోపల మేకుల డబ్బాల వెనుక కూర్చుండి తల యెత్తలేదు. తండ్రి మొదట జ్వరమని చెప్పెను, తరువాత నన్ను ప్రక్కకు పిలిచి, "మాస్టారూ, వీడి చేతిమీదుగా ఎనభైనాలుగు వేలు పోయినాయండి. బజారులో ఎవరితోనూ అనకండి" అని మెల్లగా ననెను. రెండు దినములుగా ఇంటిలో ఎవరును వానితో మాటలాడలేదట.

జరిగిన దేమనగా: ఆ యంగడికి సరకు పంపు టోకువర్తకుడు వేఱొక పట్టణమున నున్నాడు. బిల్లులు వాట్సాపులో వచ్చును, ధనము బ్యాంకుద్వారా పోవును. ఆ లెక్కలన్నియు బాలుడే చూచును. ఏలయన తండ్రి కంటికి ఆ చిన్న యక్షరములు ఆనవు. "మావాడు చదువుకున్నవాడు" అను గర్వము కూడ కొంత కలదు. ఒకనాటి సాయంకాలము, అంగడి రద్దీగా నున్నవేళ, ఆ టోకువర్తకుని సంఖ్యనుండియే యొక సందేశము వచ్చెను. పాత ఖాతాలో ఆడిటు జరుగుచున్నదనియు, క్రొత్త ఖాతాకు నేడే ధనము పంపవలెననియు, లేనియెడల రేపటి లారీలో సరకు ఎక్కదనియు అందు వ్రాసియుండెను. బాలుడు తండ్రి నడిగెను. గొలుసు తూచుచున్న తండ్రి తల త్రిప్పకయే "పంపెయ్యరా" అనెను. బాలుడు పంపెను.

ఆ సందేశము వర్తకుడు పంపినది కాదు. ఎవడో మోసగాడు ఏదో నెపమున నతనికి ఫోను చేసి, అతని వాట్సాపును తన కంప్యూటరునకు జతపఱచుకొనెను. జతపఱచుట వాట్సాపులో న్యాయముగా నున్న సదుపాయమే. ఒక చిన్న సంకేతసంఖ్యను తన ఫోనులో నొక్కిన చాలును. అట్లు నొక్కించుకొని, పాత బిల్లులు చదివి, ఎవరు ఎంత బాకీయున్నారో తెలిసికొని, సరిగా ఆ మొత్తములే యడిగెను. కావుననే బాలునికి అనుమానము కలుగలేదు. సంఖ్య తెలిసినది, మొత్తము సరియైనది, మాటతీరు కూడ వర్తకునిదే. మీలోను నాలోను ఎంతమంది అనుమానించియుందురు?

నా యభిప్రాయము స్పష్టముగా చెప్పెదను. ఇందు బాలుని తప్పు లేదు. మన పెద్దల కాలమున అంగడి ఇనుపపెట్టె తాళపుచెవి యజమాని మొలత్రాటికి వ్రేలాడుచుండెడిది. గుమాస్తా యెంత నమ్మకస్థుడైనను, కొడుకు ఎంత బుద్ధిమంతుడైనను, దాని నడిగి పుచ్చుకొని మరల నిచ్చివేయవలసినదే. నేడా పెట్టె సెల్‌ఫోనులోనికి వచ్చినది. నాలుగంకెలో ఆఱంకెలో గల పిన్‌ సంఖ్యయే దాని తాళపుచెవి. దానిని పదునైదేండ్ల బాలునికిచ్చి, ఎప్పుడు తెఱవవచ్చునో ఎప్పుడు తెఱవరాదో యొక్క నియమమైనను చెప్పక, ధనము పోయిన పిదప వానితో మాట మానుట న్యాయము కాదు.

ఆ యంగడికి కావలసిన నియమము ఒక్కటియే. ఖాతాసంఖ్య మాఱినదని ఎవరు చెప్పినను, ఏ సంఖ్యనుండి చెప్పినను, పాత పుస్తకములో మన చేతితో వ్రాసికొనియున్న సంఖ్యకు మనమే ఫోను చేసి, ఆ మనుష్యుని నోట విన్నదాక ఒక్క రూపాయయైనను పంపరాదు. సందేశములో నిచ్చిన సంఖ్యకు చేయుట వ్యర్థము. అక్కడ పలుకువాడు మోసగాడే యగును. దీనికి ఖర్చు లేదు, చదువు అక్కరలేదు, రెండు నిమిషములు చాలును. ఈ రెండు నిమిషములు లేకుండుటకే మోసగాడు "నేడే, ఇప్పుడే" యని తొందరపెట్టును. ఈ విద్య మన బజారులో పుట్టినది కాదు. ఇట్లు వ్యాపారుల ఈ-మెయిళ్లలో చొరబడి ఖాతాలు మార్చు మోసములవలన 2023వ సంవత్సరములో పోయిన సొమ్ము సుమారు 290 కోట్ల డాలర్లని అమెరికా దేశపు ఎఫ్‌.బి.ఐ.వారు తమ నివేదికలో లెక్కచెప్పిరి. అందు పెద్ద పెద్ద కంపెనీల గణికులు, అనుభవముగలవారు, మోసపోయినవారే. మా పదవ తరగతి బాలుని నేనేల నిందింతును?

"మావంటి చిన్నవారిమీద ఎవరి కన్ను పడును?" అని పలువురు తలిదండ్రులు నాతో ననిరి. ఈ మాట వినుటకు వినయముగా నున్నది గాని నిజము కాదు. ఈ దొంగతనములలో పెక్కింటిని చేయునది మనిషి కాదు, యంత్రము. అది వీధిలోని తలుపులన్నిటిని వరుసగా త్రోసి చూచును. తెఱచికొన్న దానిలో దూరును. 2017 మే 12వ తేదిన వన్నాక్రై యను పేరుగల దుష్టప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, సుమారు 150 దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లలోని ఫైళ్లను బంధించి, విడుదలకు ధనమడిగెను. ఇంగ్లాండులో ఆసుపత్రులు చిక్కుకొనెను. మన ఆంధ్రప్రదేశములో పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని చిక్కుకొనెను. విచారకరమైన సంగతి యేమనగా, ఆ రంధ్రమును మూయు సవరణను మైక్రోసాఫ్టువారు దానికి రెండు నెలలు ముందుగనే, మార్చి 14వ తేదిన, విడుదల చేసియుండిరి. "అప్‌డేటు చేయుదువా?" అని కంప్యూటరు అడిగినప్పుడెల్ల "తరువాత" అని నొక్కినవారికే యెక్కువ నష్టము కలిగెను.

ఇంగ్లాండులో 1865వ సంవత్సరమున స్థాపింపబడిన నైట్స్‌ ఆఫ్‌ ఓల్డ్‌ అను రవాణా కంపెనీకి అయిదువందల లారీలుండెను. 2023లో దొంగలు దాని కంప్యూటర్లలో దూరి సమస్తమును బంధించిరి. ఒక యుద్యోగి పాస్‌వర్డును ఊహించి వారు లోనికి వచ్చిరని కంపెనీవారు తలంచిరి. ఆ సంవత్సరమే కంపెనీ మూతపడెను. సుమారు ఏడువందలమంది పని పోగొట్టుకొనిరి. నూటయేబదియేండ్ల పేరు ఒక్క పాస్‌వర్డుతో పోయినది. మన మిల్లులలోను, కొట్లలోను బిల్లుల కంప్యూటరు పాస్‌వర్డు ఏమున్నదో నేను చూచియున్నాను. అంగడి పేరు, దాని ప్రక్క 123. కొన్నిచోట్ల దానిని కాగితముపై వ్రాసి తెర అంచున అంటించియుందురు. కొనుగోలుదారులు వరుసలో నిలిచి చదువుకొనవచ్చును!

లెక్కల నకలును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ట్యాలీ లెక్కలు, బాకీల జాబితా, జి.యస్‌.టి. కాగితములు పోయినయెడల అంగడి గోడలు మాత్రమే మిగులును. "మేము పెన్‌డ్రైవులో నకలు తీయుచున్నాము" అని ఒక మందుల వర్తకుడు నాతో ననెను. ఆ పెన్‌డ్రైవు ఎక్కడ నున్నదని యడుగగా, కంప్యూటరునకే తగిలించియున్నదని చూపెను. కంప్యూటరును బంధించు ప్రోగ్రాము దానికి తగిలియున్న పెన్‌డ్రైవును కూడ బంధించునని యతడెఱుగడు. 2014 జూన్‌ నెలలో కోడ్‌ స్పేసెస్‌ అను చిన్న కంపెనీకి ఇట్టిదే సంభవించెను. వారు తమ ఖాతాదారుల పనినంతయు భద్రపఱచిరి; నకళ్లు కూడ తీసిరి. గాని అసలును నకలును ఒకే ఖాతాక్రింద నుంచిరి. లోనికి వచ్చినవాడు రెంటిని తుడిచివేసెను. కొన్ని గంటలలో ఆ వ్యాపారము ముగిసెను. కావున వారమున కొకసారియైనను నకలు తీసి, పెన్‌డ్రైవును ఊడదీసి, ఇంటికి తీసికొనిపోయి బీరువాలో పెట్టవలెను. మూడు మాసముల కొకసారి దానిని వేఱొక కంప్యూటరులో తెఱచి, లెక్కలు కనబడుచున్నవో లేదో చూడవలెను.

తక్కినవి చిన్న పనులు. వాట్సాపులో లింక్డ్‌ డివైసెస్‌ అను చోట మన మెఱుగని కంప్యూటరు పేరున్నచో వెంటనే తొలగింపవలెను. టూ స్టెప్‌ వెరిఫికేషన్‌ అను పిన్‌ కూడ పెట్టుకొనవలెను. శుభలేఖ యనియో, చలానా యనియో వచ్చు ఏ.పి.కె. ఫైలును తెఱవరాదు, శుభలేఖ ఎప్పుడును ఫోనులో క్రొత్త ప్రోగ్రాముగా ఎక్కవలసిన పని లేదు. ధనము పుచ్చుకొనుటకు పిన్‌ నొక్కనక్కరలేదు, నొక్కుమన్నవాడు మోసగాడే. పని మానిన గుమాస్తాకు తెలిసిన పాస్‌వర్డును ఆ సాయంకాలమే మార్చవలెను. అంగడిముందు అంటించిన క్యూ.ఆర్‌. కాగితమును ఉదయము తలుపు తీయునపుడు మన ఫోనుతో ఒకసారి చదివించి, మన పేరే వచ్చుచున్నదో లేదో చూడవలెను. 2025 జనవరిలో ఖజురాహోలో రాత్రివేళ దుండగులు కొన్ని యంగళ్ల కాగితములపై తమవి అంటించిపోయిరి. పేరు మాఱియుండుటను గమనించుటచేతనే ఆ సంగతి బయటపడెను.

అంగళ్లలో పెట్టుకొన్న కెమెరాలను గూర్చి విద్యార్థుల కొక మాట. 2016లో మిరై యను ప్రోగ్రాము, కొన్నప్పటి పాస్‌వర్డును మార్చక విడిచిన కెమెరాలను లక్షలకొలది వశపఱచుకొని, అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసెను. దానిని కల్పించినవారు ముగ్గురు యువకులు. వారు 2017లో నేరమొప్పుకొనిరి. తెలివి వారికి తక్కువ కాలేదు.

ఈ యంత్రములే వద్దు, రొక్కమే మేలు అని వాదించు పెద్దలు మన సంఘములో కొందఱు కలరు. వారి భయమును నేను హేళన చేయను. గాని రొక్కమునకు దొంగలు లేకపోయిరా? సరకు పంపువాడు బ్యాంకుద్వారానే యడుగుచున్నాడు, కొనువాడు ఫోనుతోనే చెల్లించుచున్నాడు. అంగడి యజమానికి ఇక నిర్ణయింపవలసినది నేర్చుకొనుటయా, మానుటయా యనునది మాత్రమే. వేలకొలది రూపాయలు పోసి రక్షణ ప్రోగ్రాములు కొనుమని వచ్చు ఏజంట్లను కూడ నేను సమర్థింపను. పైన చెప్పిన పనులలో ఒక పెన్‌డ్రైవు తప్ప కొనవలసిన దేమియు లేదు.

ఇక ఆ యినుపసామానుల అంగడికి వత్తును. ధనము పోయినదని తెలిసినది మూడవనాడు, సరకు రాకపోయినపుడు. తండ్రి మఱి మూడు దినములు ఎవరికిని చెప్పలేదు; బజారులో పరువు పోవునని భయము. నేను వెళ్లిన సాయంకాలము ఆఱవదినము. ఆయనచేత 1930 సంఖ్యకు ఫోను చేయించితిని. 2021లో ఆరంభమైన యీ యేర్పాటుననుసరించి, ఫిర్యాదు అందినతోడనే ధనము చేరిన బ్యాంకునకు కబురు పోవును. ధనమింకను అక్కడనున్నచో దానిని నిలిపివేయుదురు. గాని ధనము నిలువదు. గంటలలోనే ఒక ఖాతానుండి వేఱొక ఖాతాకు, అక్కడనుండి మఱియొక దానికి పరుగెత్తును. ఆఱవదినమున మొదటి ఖాతాలో మిగిలియున్నది నాలుగువందల చిల్లర. ఖాతాదారుకు తెలియకయే సొమ్ము పోయినపుడు, మూడు పనిదినములలోపల బ్యాంకునకు తెలిపినచో, తప్పు అతనిదిగాని బ్యాంకుదిగాని కాకున్నను నష్టము అతనిపై పడరాదని రిజర్వుబ్యాంకువారు 2017 జూలై 6వ తేది యుత్తరువున నియమించిరి. గాని మనమే సమ్మతించి పంపిన సొమ్మునకు ఆ రక్షణ చెందదు. కావున మొదటి గంటలో 1930కి చెప్పుటయొక్కటే మార్గము. ఆ గంటను మింగివేయునది సిగ్గు. జేబు కత్తిరింపబడినవాడు వీధిలో గట్టిగా కేకవేయును, ఎవరును నవ్వరు. ఫోనులో మోసపోయినవానిని జూచి మనమేల నవ్వుచున్నాము? మన నవ్వే ఆయనను మూడు దినములు నోరు మూయించినది.

ఇంకొక సంగతి తరువాత తెలిసినది. ఆ సొమ్ము మొదట చేరిన ఖాతా ఎవడో గజదొంగది కాదు, ఒక కళాశాల విద్యార్థిదట. కొన్నివేల రూపాయలకు తన ఖాతాను, ఏ.టి.యం. కార్డును ఒకనికి అద్దెకిచ్చెనట. ఇప్పుడు పోలీసులు వెదకుచున్నది వానినే. మన బడినుండి ప్రతి యేట వెళ్లు విద్యార్థులు పదునెనిమిదేండ్లు నిండగనే బ్యాంకు ఖాతాలు తెఱతురు. ఈ సంగతి వారికి ఏ పాఠ్యపుస్తకములోను నేను చెప్పి యెఱుగను. కంప్యూటరు భాగముల పేర్లు మాత్రము ఆఱవ తరగతినుండి కంఠస్థము చేయించుచున్నాము.

బాలుడు మఱుసటి సోమవారము బడికి వచ్చెను. వాని తండ్రి ఇప్పుడు గల్లాపెట్టె ప్రక్కన ఒక గట్టి యట్ట పుస్తకము పెట్టి, సరకు పంపువారందఱి ఫోనుసంఖ్యలను, ఖాతాసంఖ్యలను తన చేతివ్రాతతో పెద్ద పెద్ద అంకెలుగా వ్రాసికొనెను. పదివేలకు మించిన సొమ్ము పంపునపుడు బాలుడు సంఖ్యను చదువును, తండ్రి పుస్తకములో చూచి తానే పిన్‌ నొక్కును.

ఇట్టి పుస్తకము ప్రతి యంగడిలో నుండవలెనని నా కోరిక. వచ్చు తలిదండ్రుల దినమున ఆటలకు ముందు ఒక గంట దీనికై యిమ్మని ప్రధానోపాధ్యాయులవారిని వేడుకొంటిని, వారంగీకరించిరి. అంగడిగల తలిదండ్రులు తమ పిల్లలతో కూడ, వ్యాపారమునకు వాడు సెల్‌ఫోనును, ఒక క్రొత్త నోటుపుస్తకమును వెంట తెచ్చుకొనవలెను. కండ్లజోడు గలవారు దానిని మఱవరాదు.