సేంద్రియ ముద్ర ఒక్కటే చాలదు

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో 2025 నాటికి 65 వేల హెక్టార్లకు పైగా భూమికి విస్తృత ప్రాంత ధ్రువీకరణ పథకం కింద సేంద్రియ గుర్తింపు లభించింది. రసాయన ఎరువులు అంతగా సోకని నేల కావడంతో, సాధారణంగా రెండు మూడేళ్లు పట్టే నిరీక్షణ రైతులకు తప్పింది.

అయితే ఈ గుర్తింపు దానంతటదే దిగుబడిని పెంచజాలదు. ఇక్కడి సేద్యం ప్రధానంగా వర్షాధారం; వరి కోతల అనంతరం అత్యధిక భూములు బీడుగానే మిగులుతున్నాయి.

ధర విషయంలోనూ చిక్కున్నది. రాష్ట్ర ప్రభుత్వం 2023-24 ఖరీఫ్ నుంచి ఎకరాకు 21 క్వింటాళ్ల పరిమితితో క్వింటాలు ధాన్యానికి రూ. 3,100 చొప్పున చెల్లిస్తున్నది. ఆ కొనుగోలు కేంద్రానికి చేరిన సేంద్రియ ధాన్యానికీ అదే ధర.

చిన్ననీటి వనరులు, రెండవ పంటగా అపరాలు, సేంద్రియ ధాన్యానికి ప్రత్యేక కొనుగోలు సమకూరినప్పుడే ఉత్పత్తి వృద్ధి నిలకడగా సాగుతుంది. లేనియెడల రైతుకు దక్కేది ధ్రువపత్రం మాత్రమే.