ఏఐ రాసిన కాగితం మీద సంతకం ఎవరిది?



గత పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి అడిగారు: "మేడమ్, మా అబ్బాయిని బీకాం, ఎంబీఏ చదివిద్దామనుకుంటున్నాం. ఆఫీసు పనులన్నీ ఏఐ చేసేస్తుంటే వీడికి ఉద్యోగం ఉంటుందా?" ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

ఆయన భయంలో నిజముంది. బిల్లులు ఎంట్రీ చేయడం, మీటింగ్ మినిట్స్ రాయడం, రెజ్యూమెలు వడపోయడం, కస్టమర్లకు జవాబివ్వడం... కొత్తగా చేరినవారికి ఇచ్చే పనులు ఇవే. ఇవి చేస్తూ, తప్పులు దిద్దుకుంటూనే రేపటి మేనేజర్లు తయారవుతారు. ఏఐ ముందుగా అందుకుంటున్నది ఈ మొదటి మెట్టునే.

కానీ ఏఐ బాధ్యత తీసుకోదు. 2022లో ఇంట్లో ఒకరు చనిపోయి ప్రయాణమైన వ్యక్తి ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ను టికెట్ రాయితీ గురించి అడిగారు. ముందు టికెట్ కొనండి, 90 రోజుల్లోగా దరఖాస్తు చేయవచ్చని అది చెప్పింది. సంస్థ అసలు నిబంధన ప్రకారం ప్రయాణం అయ్యాక రాయితీ లేదు. చాట్‌బాట్ మాటకు మా బాధ్యత లేదని సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి, సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమంది.

అమెజాన్ రెజ్యూమెల వడపోతకు ఒక ఏఐ టూల్ తయారుచేసింది. పాత దరఖాస్తుల్లో ఎక్కువ మగవాళ్లవే కావడంతో, వాటితో నేర్చుకున్న ఆ టూల్ మహిళల రెజ్యూమెలను తక్కువ చేసింది. దాన్ని పక్కన పెట్టేశారని 2018లో బయటికొచ్చింది. ఆడపిల్లల తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

అంత దూరమెందుకు, ఈ మధ్య మా ఆఫీసులో ఒక సర్క్యులర్ ఏఐతో రాయించాం. భాష చక్కగా ఉంది, సెలవు తేదీ మాత్రం తప్పు. పంపేముందు క్యాలెండర్ తీసి సరిచూసిన క్లర్క్ గారే మమ్మల్ని కాపాడారు.

రేపటి ఆఫీసులకు కావలసింది ఆ క్లర్క్ గారి అలవాటే. మార్కుల హడావిడిలో పిల్లలకు దాన్ని నేర్పడంలో స్కూళ్లుగా మేమూ వెనకబడ్డామని ఒప్పుకోవాలి. గైడ్‌లోని జవాబును అలాగే దించిన పిల్లాడికి మార్కులు వేస్తూ, ఏఐ జవాబును మాత్రం ప్రశ్నించమంటే వాడికి ఎలా వస్తుంది?

ఇంట్లో ఒక చిన్న ప్రయత్నం చేయండి. ఈ నెల కరెంటు బిల్లు, కిరాణా లెక్క పిల్లల చేతికిచ్చి, పోయిన నెలతో పోల్చి తేడా ఎందుకొచ్చిందో చెప్పమనండి. ఏఐతో ప్రాజెక్ట్ చేసి చూపిస్తే కోప్పడకండి. "ఇది నిజమని నీకెలా తెలుసు? తప్పయితే జవాబు ఎవరు చెప్పాలి?" అని అడగండి.

ఆ తండ్రికి నా జవాబు: బీకాం చదివించండి. ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పలేను. కానీ సంతకం పెట్టేముందు సరిచూసే మనిషి అవసరం ఏ ఆఫీసుకైనా ఉంటుంది. మీ అబ్బాయిని ఆ మనిషిగా తయారుచేద్దాం.

– అకడమిక్ కోఆర్డినేటర్