ఇంటి సామాను: చెంచా వెనుక సింహం

మన బేతమంగళ నీళ్లు తాగిన బంగారు గనుల్లో 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కుటుంబ సంస్థ పెత్తనం సాగింది. దొరలు వెళ్లిపోయారు. 2001 ఫిబ్రవరి 28న గనులూ మూతపడ్డాయి. ఆనాటి ఇంగ్లీషు చెంచాలో, టీ కూజానో మీ ఇంట ఉంటే తూకానికి వేసేముందు ఒకసారి తిప్పి చూడండి.

నడిచే సింహం ముద్ర ఉంటే వెయ్యింట 925 పాళ్లు వెండి. లంగరు బర్మింగ్‌హాం గుర్తు, చిరుత తల లండన్‌ది; షెఫీల్డు గుర్తు 1974 దాకా కిరీటం. పక్కనుండే ఒంటి అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. పొడి అక్షరాలు చేసినవారివి. 'హెచ్.బి.' అంటే హెస్టర్ బేట్‌మన్ కావచ్చు. భర్త పోయాక 1761లో తన పేరిట ముద్ర నమోదు చేయించి, కొడుకులతో కలిసి కార్ఖానా నడిపిన ఇల్లాలామె.

'ఇ.పి.ఎన్.ఎస్.' అని ఉంటే మాత్రం నికెల్ కలిసిన లోహం మీద వెండి పూతే. బర్మింగ్‌హాం ఎల్కింగ్టన్ కుటుంబం 1840లో పేటెంటు పొందిన విద్యుత్ పూత పద్ధతి అది. కరిగిస్తే చేతికేమీ రాదు. బూడిదతో తోమితే ఆ పూతా పోతుంది.

అసలు వెండిదైతే తొందరపడకండి. ముద్రలు కాగితం మీద దించుకుని, తెలిసినవారికి చూపించండి. పాత పనితనానికి తూకం కన్నా ఎక్కువ ధర రావచ్చు.