ఎలుకల కమిటీలో మనకో కుర్చీ

కామాటిపుర, గ్రాంట్ రోడ్ తెలుగు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు,

గ్రాంట్ రోడ్‌లో స్లో లోకల్ ఎక్కితే నాలుగో స్టేషన్ ప్రభాదేవి. అక్కడ దిగి తూర్పుకు నడిస్తే పరేల్. కేఈఎం, టాటా దవాఖానా, హాఫ్‌కిన్ సంస్థ అన్నీ అక్కడే. ఆ దవాఖానాల్లో మనవాళ్లు కూర్చోని బెంచీ లేదు. కానీ మనం మింగే మాత్ర మన చేతికి రాకముందు ఎలుకల మీద పరీక్షకు నిలిచిందని, ఆ పని ఖార్ఘర్‌లోని టాటా వారి యాక్ట్రెక్ లాంటి చోట్ల మనకు దగ్గరలోనే జరుగుతోందని మనలో ఎంతమందికి తెలుసు?

మోరీల్లో తిరిగే పందికొక్కులు కావవి. అరచేతిలో ఇమిడే చిట్టెలుకలు. వడగట్టిన గాలి వచ్చే పారదర్శకమైన పెట్టెల్లో, పెట్టెకో చీటీతో పెరుగుతాయి. చెవికి చిన్న గాటు పెట్టి గుర్తు వేస్తారు. ఆ చెవి ముక్కనో తోక కొసనో పరీక్షించి, ఏ జన్యువు ఉందో ఏది లేదో చూస్తారు. కొన్నింటిలో ఒక జన్యువును కావాలనే పనిచేయకుండా చేస్తారు, కొన్నింటిలో మనిషి జన్యువును చేరుస్తారు. ఎలుకలో కోరిన జన్యువునే గురి చూసి మార్చే దారి వేసిన కాపెకి, ఎవన్స్, స్మితీస్‌లకు 2007లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మనకేం సంబంధం అంటారా? టీబీ ఉంది కదా. ఇరుకు మెట్లు, గాలాడని ఖోలీ, ఒకే వరండాలో పది కాపురాలు, ఆ క్రిమికి ఇంకేం కావాలి! ఆ క్రిమి ఒంట్లో ఉన్నా అందరూ ఎందుకు జబ్బు పడరో అర్థం కావడానికి ఈ ఎలుకలే దారి చూపాయి. ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని తయారు చేయలేని ఎలుకలకు టీబీ సోకితే అవి నిలవలేక త్వరగా చచ్చిపోయాయని 1993లో అమెరికాలో రెండు బృందాలు చూపించాయి. మామూలు ఎలుకలు అదే క్రిమిని చాలాకాలం అదుపులో పెట్టుకున్నాయి. మరో రెండేళ్లకు, టీఎన్‌ఎఫ్ అనే ఇంకో పదార్థం సంకేతాన్ని అందుకోలేని ఎలుకలదీ అదే గతి అని తేలింది. కీళ్లవాతానికి ఆ టీఎన్‌ఎఫ్‌ను అణిచే ఇంజెక్షన్లు ఇప్పుడు వాడుతున్నారు. ఒంట్లో నిద్రపోతున్న టీబీని అవి లేపగలవని 2001లో బయటపడింది. అందుకే మోకాళ్ల నొప్పితో వెళ్లిన పెద్దమ్మకు ఆ ఇంజెక్షన్ రాసేముందు డాక్టరు టీబీ పరీక్ష చేయించమంటాడు.

పోలియో చుక్కలదీ ఇలాంటి కథే. ఒకప్పుడు ఆ టీకా భద్రతను కోతుల మెదడు, వెన్నుపాముల మీద చూసేవారు. మనిషిలో పోలియో వైరస్ పట్టుకునే కొక్కేన్ని ఎలుకలో పుట్టించాక, ఆ ఎలుకలతో చేసే పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ కోతులకు బదులుగా ఒప్పుకుంది.

అయితే ఎలుక మనిషి కాదు. టీబీ ముదిరితే మన ఊపిరితిత్తిలో గుల్ల పడుతుంది, మామూలు ప్రయోగశాల ఎలుకకు అలా పడదు. దక్షిణాఫ్రికాలో దాదాపు 2,800 మంది పసిపిల్లల మీద ఎంవీఏ85ఏ అనే టీబీ టీకాను పరీక్షించారు. 2013లో ఫలితం వచ్చింది, చెప్పుకోదగ్గ రక్షణ లేదు. జంతువుల మీద వచ్చిన ఫలితాలే అంత గట్టివి కావని, వాటిని ఉన్నదున్నట్టు చెప్పలేదని తర్వాత పెద్ద వివాదమే నడిచింది. ఆ పిల్లల తల్లులకు ఆ ఫలితాల సంగతి ముందే విడమరిచి చెప్పి ఉండాల్సింది. మా కోపమంతా అక్కడే.

మన దేశంలో చట్టం లేక కాదు. 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం కింద 1998లో నియమాలు వచ్చాయి. ఎలుకల మీద పరిశోధన చేసే ప్రతి సంస్థలో ఒక నైతిక కమిటీ ఉండాలి, అది ఒప్పుకోనిదే ప్రయోగం సాగకూడదు. అందులో శాస్త్రవేత్తలు, పశువైద్యుడు ఉంటారు. వాళ్లతోపాటు సామాజిక స్పృహ ఉన్న మామూలు సభ్యుడికీ ఒక చోటు ఉంది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో మన గల్లీల్లో అడిగి చూడండి, ఒక్కరూ చెప్పలేరు. టీబీతో, క్యాన్సర్‌తో కాపురాలు కూలిన పేటల మనుషులకు ఆ చోటు దక్కాలి. అదే మా కోరిక. దాంతోపాటు, ఒప్పుకున్న ప్రతి ప్రయోగం గురించి తెలుగు, మరాఠీ, హిందీ, ఉర్దూల్లో ఒక పేజీ బయట పెట్టాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు, ఎంత నొప్పి, చివరికి ఏం తేలింది, అంతా అందులో ఉండాలి. ఫలితం రాకపోతే అదీ రాయాలి. బ్రిటన్‌లో ఇలాంటి సారాంశాలను ప్రభుత్వమే ప్రచురిస్తోంది.

చెప్పకపోతే ఏమవుతుందో ఈ పేటకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? 1896 ప్లేగు రోజుల్లో, అక్టోబరులో, మిల్లు కార్మికులు గుంపుగా ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద పడ్డారు. నేటి కస్తూర్బా ఆసుపత్రి అదే. లోపలికి మోసుకెళ్లినవాళ్లను ఏం చేస్తున్నారో తెలియక పుట్టిన భయం అది. 1897 జనవరిలో శాస్త్రవేత్త హాఫ్‌కిన్ ప్లేగు టీకాను ముందు తన ఒంటికే వేసుకుని, తర్వాత మన పక్కనున్న బైకల్లా జైలు ఖైదీలకు వేశాడు. టీకా పనిచేసింది. అయినా మరుసటి ఏడు మార్చిలో, రోగి కోసం ఇల్లు సోదా చేయబోతే మదన్‌పురాలో అల్లర్లు చెలరేగాయి.

చదువు లేనివాళ్లకు జన్యువుల సంగతి ఏం తెలుస్తుంది అంటారు కొందరు. బరువును బట్టి టీబీ మాత్రలు ఎన్ని వేసుకోవాలో, ఏ మాత్రకు మూత్రం ఎర్రగా వస్తుందో చెప్పే అక్కలు ప్రతి చాల్‌లో ఉన్నారు. ‘ఈ ఎలుకే ఎందుకు? తక్కువ ఎలుకలతో కాదా? మా దాకా ఎప్పుడు వస్తుంది?’ అని అడగడానికి వాళ్లకు డిగ్రీ అక్కర్లేదు.

జంతు ప్రయోగాలు పూర్తిగా ఆపేయాలనే వాళ్ల బాధ మాకు అర్థమవుతుంది. 2023 మార్చిలో కేంద్రం మందుల నియమాలు సవరించి, కణజాలాలతో, కంప్యూటర్లతో చేసే పరీక్షలకూ చోటిచ్చింది. అవి పెరగాలి. కానీ నెలల తరబడి ఒంట్లో దాక్కునే టీబీని ఒంటి మొత్తంగా చూడటానికి ఈరోజుకి ఎలుక కావాలి. అంత ప్రాణం ఖర్చు పెడుతున్నప్పుడు ఆ పని తలుపులు తెరిచి చేయాలి.

ఢిల్లీలో పశుసంవర్ధక మంత్రిత్వ శాఖ కింద ఈ కమిటీలను చూసే జాతీయ కమిటీకి రాసిన వినతిపత్రం ఈ కాగితం వెనక ఉంది. చదవండి. చదవడం రాని పెద్దవాళ్లకు చదివి వినిపించండి. సంతకం చేయండి, వేలిముద్ర అయినా చెల్లుతుంది. ఆ కుర్చీకి మీ చాల్ నుంచి ఎవరు తగినవాళ్లో వాళ్లనడిగి, ఒప్పుకుంటేనే పేరు రాయండి. ఆడవాళ్ల పేర్లు ముందు రాయండి, ఇంట్లో రోగికి మందు వేసేది వాళ్లే.

ఇట్లు,
మీ గల్లీవాళ్లం