స్థలం కొనుగోలు: స్వయంగానా, మధ్యవర్తితోనా?

గల్ఫ్ దేశాల్లో ఏళ్ల తరబడి శ్రమించి కూడబెట్టిన సొమ్ము, ఉద్యోగ విరమణ నాడు చేతికందిన మొత్తం, తల్లి తన మహర్ నుండి దాచుకున్న డబ్బు. ఇలాంటి సొమ్ము ఏదైనా చేతిలో ఉంటే, మన కుటుంబాల్లో మొదట తోచే ఆలోచన ఒక ప్లాటు. వడ్డీకి దూరంగా ఉండదలచిన వారికి బ్యాంకు డిపాజిట్ దారి మూసుకుపోయినట్లే కనుక, నేల మీది పెట్టుబడి సహజంగానే ఆకర్షిస్తుంది. చిక్కు అక్కడి నుండే మొదలవుతుంది. కమీషన్ మిగులుతుందని కొందరు అన్నీ తామే చూసుకుంటారు. తమకేమీ తెలియదని మరికొందరు సర్వం మధ్యవర్తికే వదిలేస్తారు. ఈ రెండు ధోరణులూ ప్రమాదకరమైనవేనని మా అభిప్రాయం.

తెలిసినవారి సాయాన్ని వేతనమిచ్చి తీసుకోవడాన్ని ఇస్లాం ఆక్షేపించలేదు. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం), హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి తెలిసిన ఒక వ్యక్తిని కూలికి కుదుర్చుకున్నారు. అతను అప్పటికి ముస్లిం కాడు. అయినా అతనికి తమ ఒంటెలను అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ వద్దకు రమ్మన్నారు. అతనికి ఎడారి దారులు తెలుసు, మాట మీద నిలబడే గుణమూ ఉంది. మద్‌యన్ యువతి తన తండ్రికి మూసా (అలై)ను సిఫారసు చేసినప్పుడు చెప్పిన లక్షణాలు కూడా ఈ రెండే: సామర్థ్యం, నమ్మకం (ఖుర్ఆన్ 28:26). మధ్యవర్తిని ఎంచుకునే వారికి ఇంతకన్నా మంచి కొలమానం లేదు.

ఇక ఆ మధ్యవర్తి బాధ్యత ఏమిటి? బుఖారీ హదీసు గ్రంథంలో ఉర్వా అల్ బారిఖీ (రజి) ఉదంతం ఉంది. ఒక గొర్రెను కొనితెమ్మని ప్రవక్త (సఅసం) ఆయనకు ఒక దీనారు ఇచ్చారు. ఆయన ఆ దీనారుతో రెండు గొర్రెలు కొని, ఒకదానిని దీనారుకు అమ్మి, గొర్రెతో పాటు దీనారును కూడా తెచ్చి ఇచ్చారు. ప్రవక్త (సఅసం) ఆయన వ్యాపారంలో బర్కత్ కోసం ప్రార్థించారు. గొర్రెను తెచ్చి ఇచ్చి ఊరుకుంటే అడిగేవారెవరూ లేరు. కానీ ఇతరుల సొమ్ముతో వచ్చిన లాభం వారిదేనని ఉర్వా (రజి) గుర్తించారు.

నేటి స్థలాల బజారును ఈ వెలుగులో చూడండి. యజమాని చెప్పిన ధర ఒకటి, కొనేవారికి చెప్పే ధర మరొకటి. మధ్యనున్న తేడా మధ్యవర్తి జేబులోకి. పైగా ఇరువైపులా కమీషన్. ఫలానా ధరకు మించి వచ్చినదంతా నీదేనని అమ్మకందారు ముందుగా ఒప్పుకుని ఇవ్వడంలో తప్పులేదని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అభిప్రాయపడ్డారు. కనుక దోషం లాభంలో లేదు, దాన్ని దాచడంలో ఉంది. కొనే ఉద్దేశం లేని వారితో ధర పెంచి పలికించడాన్ని ప్రవక్త (సఅసం) స్పష్టంగా నిషేధించారు. మరో పార్టీ అడ్వాన్సుతో సిద్ధంగా ఉందని అబద్ధం చెప్పి తొందరపెట్టడం కూడా ఆ కోవలోనిదే.

బంధువు మధ్యవర్తి అయినప్పుడు ఈ సమస్య మరింత సున్నితమవుతుంది. బావమరిదినో బాబాయినో లెక్క అడగడానికి నోరు రాదు. అడగకపోతే అనుమానం మిగులుతుంది. అందుకే ప్రతిఫలం ఎంతో, ఎవరి నుండి తీసుకుంటారో ముందే కాగితం మీద రాసుకోవాలి. అప్పు వ్యవహారాలను రాసుకోమని అల్లాహ్ ఆదేశించాడు (2:282). ఆ రాత వల్ల బంధుత్వం చెడదు, నిలుస్తుంది.

కొన్ని పనులు ఎవరికీ అప్పగించరానివి. స్థలాన్ని కళ్లారా చూడడం, ఇరుగుపొరుగును విచారించడం, అమ్మేవారి కుటుంబంతో మాట్లాడడం అటువంటివి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. తండ్రి ఆస్తిని అన్నదమ్ములు అమ్ముతుంటే, అక్కచెల్లెళ్ల వాటా సంగతి అది చెప్పదు. ముస్లిం కుటుంబాల్లో నోటిమాటగా ఇచ్చి స్వాధీనం చేసిన హిబా కూడా చెల్లుతుంది. అదీ ఈసీకి ఎక్కదు. తల్లి, భార్య, కూతుళ్లు అందరూ సంతకం చేస్తున్నారా అని అడగడం న్యాయపరమైన జాగ్రత్త మాత్రమే కాదు, ఒక ఆడబిడ్డ హక్కును మన సొమ్ముతో కాజేయకుండా ఉండే మార్గం.

మరికొన్ని పనులు నిపుణులకే వదలాలి. కనీసం 30 ఏళ్ల లింకు దస్తావేజులను మధ్యవర్తితో సంబంధం లేని న్యాయవాదికి చూపాలి. హద్దులను సర్వేయర్‌తో కొలిపించాలి. లేఅవుటుకు అనుమతి ఉందో లేదో విచారించాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడాలి. ప్రభుత్వ, దేవాదాయ భూములతో పాటు వక్ఫ్ భూములు కూడా అందులో ఉంటాయి. అల్లాహ్ మార్గంలో అంకితమైన నేలను తెలియక కొన్నా నష్టపోయేది మనమే. నోటరీ కాగితం మీద ఇల్లు చేతులు మారినంత మాత్రాన హక్కు రాదు. జీపీఏ అమ్మకాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

కొత్త వెంచర్ అయితే 2016 నాటి రెరా చట్టం తోడుంటుంది. రిజిస్టర్ కావలసిన ప్రాజెక్టును రిజిస్ట్రేషన్‌కు ముందే ప్రకటించడం, అమ్మడం చట్టవిరుద్ధం. ‘ప్రీ లాంచ్’ చవక బేరాలు అందుకే అనుమానించదగినవి. ఆ ప్రాజెక్టులను అమ్మే ఏజెంటుకు కూడా రెరా నంబరు ఉండాలి. ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. వ్యక్తుల మధ్య జరిగే పాత ప్లాట్ల అమ్మకాలకు ఈ రక్షణ లేదు. అక్కడ మన జాగ్రత్తే రక్షణ.

విదేశాల్లో ఉన్న సోదరులకు ఒక మాట. పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వక తప్పకపోతే, ఆ ఒక్క స్థలానికి, ఆ ఒక్క పనికి పరిమితం చేసి ఇవ్వండి. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పత్రానికి, అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు రుసుం కట్టించాలి. చెల్లింపులన్నీ అమ్మకందారు బ్యాంకు ఖాతాకే పంపండి.

చివరిగా, కొనేవారి వైపు అన్యాయాన్ని కూడా చెప్పుకోవాలి. పదిచోట్ల తిప్పి స్థలం చూపించిన మధ్యవర్తిని తప్పించి, యజమానితో చాటుగా బేరం కుదుర్చుకోవడం మన సమాజంలో తెలివిగా చెలామణీ అవుతోంది. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (సఅసం) బోధ ఆ మధ్యవర్తికీ వర్తిస్తుంది. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించిన వాడి మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని హెచ్చరించిన ధర్మం మనది. గజం లెక్కన నేల కొనేటప్పుడు, ఎవరి హక్కూ ఆ గజాల్లో చిక్కుకోలేదని మనసు నిమ్మళంగా ఉండాలి. అల్లాహ్ మన సంపాదనను హలాల్ మార్గంలో నిలిపి, అందులో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.